వరమ్మ ఎర్రాకులు, భూపేష్ దీపాలు

మా ఊరి హైస్కూల్లో మొక్కలకు ఇల్లు కట్టించిన ఘనత మా మరిది కొడుకు భూపేష్‌ది. ఓర్వకల్లు చుట్టుపక్కల మనుషులకే నీడ దొరకదు, మొక్కలకు దొరికిందంటే సంతోషించాల్సిందే. దాని పేరు గ్రీన్‌హౌస్. ఇనుప పైపులు వంచి, పైన పచ్చని వల కప్పి, ముందర ఒక తలుపు బిగించారు. లోపల ఏం పెంచాలో ఎవరూ అనుకోకముందే బయట బోర్డు సిద్ధమైంది. షెడ్డు కంటే బోర్డే పొడుగు. దాని మీద భూపేష్ పేరు, వాళ్ల నాయన పేరు, చేతులు జోడించిన భూపేష్ ఫోటో. నంద్యాల రోడ్డు మీద పోయే బస్సులకు రాత్రిపూట కూడా కనబడాలని దానికి నాలుగు పెద్ద లైట్లు పెట్టించాడు. చీకటి పడగానే వెలిగి తెల్లారేదాకా వెలుగుతాయి. మా వీధిలో దీపం లేక నేను రెండుసార్లు మురుగు కాలువలో కాలు పెట్టాను. అయినా సరే, మా ఇంటి పిల్లవాడి పేరు అంత దూరం వెలుగుతుంటే కాలి నొప్పి తగ్గినట్టే ఉంటుంది.

నేను రాయబోయేది భూపేష్ సంగతి కాదు. ఆయన లేచింది, తిన్నది, తుమ్మింది రాసి ఫోన్లలో పంపడానికి ఆయన మనుషులు నలుగురున్నారు. నేను రాసేది వరమ్మ సంగతి. ఆమె గురించి రాసేవాళ్లు ఎవరూ లేరు. మూడో తరగతితో ఆగిపోయిన నా చదువు ఆమెకు సరిపోతుందిలే అని కూర్చున్నాను.

వరమ్మ హైస్కూల్లో ఆయా. గదులు ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది, నీళ్ల డ్రమ్ము నింపేది, గంట కొట్టేది ఆమె. వయసు యాభై ఎనిమిదని కాగితంలో ఉంది. ఆ కాగితం రాసినవాడు ఆమె ముఖం చూసి అంచనా వేశాడు. చిన్నప్పటి నుంచి మా చేలల్లో శనక్కాయ కలుపు తీసింది. చర్చి వీధిలో జోసెఫ్ అనే బండల పనివాడికిచ్చి పెళ్లి చేశారు. అతను నాపరాళ్లు పరచడంలో నేర్పరి. ఊరూరా తిరిగి పెద్దపెద్ద ఇళ్లకు నున్నగా బండలు పరిచి, తన ఇంట్లో మట్టి నేల మీద పడుకునేవాడు. ఆ రాతి దుమ్ము ఇరవై ఏళ్లు పీల్చి, ఛాతీ పనికిరాకుండా పోయి చచ్చిపోయాడు. ఆమెకు మిగిల్చిపోయింది ఒక పార, ఒక చెట్టు.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. జోసెఫ్ ఒకసారి బెంగుళూరులో ఎవరిదో బంగళాకు బండలు పరిచి వస్తూ, వాళ్ల పెరట్లో నుంచి ఒక పుల్ల విరిచి తడి తువ్వాలులో చుట్టుకొచ్చాడు. గిన్నెలు తోమే బండ పక్కన గుచ్చితే, ఆ కుడితి నీళ్లకే మనిషెత్తు పెరిగింది. డిసెంబరు వచ్చేసరికి కొసల్లోని ఆకులన్నీ ఎర్రగా మారేవి. చూసినవాళ్లు పువ్వులనుకునేవాళ్లు, కానీ ఆకులే. దానికి పుస్తకంలో ఏదో పేరుంది, అది నా నోట పలకదు. మా ఊళ్లో ఎర్రాకు చెట్టంటారు. ఏటా క్రిస్మస్‌కు దాని పిలకను కుండలో పెంచి, చర్చిలో పాస్టరు నిలబడే బల్ల దగ్గర పెట్టేది వరమ్మ. మిగతావాళ్లు ప్లాస్టిక్ పూలు తెచ్చేవాళ్లు. ఆమె ఆ ప్లాస్టిక్ పూల వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పోయి కూర్చునేది. ఆ అనకపోవడం వినడానికే వచ్చేవాళ్లం అని చర్చి వీధి ఆడవాళ్లు నాతో చెప్పారు.

ఒక ఏడాది పంచాయతీ వాళ్లకు చర్చి వీధి గుర్తొచ్చి, వరమ్మ ఇంటి ముందర స్తంభానికి దీపం పెట్టారు. వీధంతా సంబరపడింది. ఆ ఏడాది చెట్టు ఎర్రబడలేదు. క్రిస్మస్ వచ్చి పోయింది, ఆకు పచ్చగానే ఉంది. వరమ్మ పంచాయతీ ఆఫీసుకు పోయి, దీపం వల్ల చెట్టుకు నిద్ర లేకుండా పోయింది, తీసేయండని అడిగింది. దీపం పెట్టమని ధర్నా చేసినవాళ్లను చూశారు గాని, తీసేయమని వచ్చిన మనిషిని వాళ్లు ఎప్పుడూ చూడలేదు. వారం రోజులు నవ్వుకున్నారు. తర్వాత ఆ దీపం దానంతటదే మాడిపోయింది. మాడిపోయిన దీపాన్ని మార్చే అలవాటు మా పంచాయతీకి లేదు కాబట్టి, మరుసటి ఏడు చెట్టు మళ్లీ ఎర్రగా విరబూసింది. మా పంచాయతీ పని చేయకపోవడం వల్ల బాగుపడింది నాకు తెలిసి ఆ చెట్టొక్కటే.

ఇక గ్రీన్‌హౌస్ దగ్గరికి వస్తాను. క్రిస్మస్‌కు ముందు సెమీ క్రిస్మస్ అని జరుపుతారు కదా, రాజకీయాల్లో ఉన్నవాళ్లు కేకు కోసి ఫోటోలు దిగే పండగ. ఈసారి ఆ పండగలో చర్చి వీధుల్లోని ఇంటింటికీ ఒక ఎర్రాకు మొక్క పంచాలని భూపేష్‌కు ఆలోచన పుట్టింది. కుండీ మీద ఆయన ఫోటో ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. హెడ్మాస్టరు ఓబుళేశు సారు ఆ మాట వినగానే, మా పిల్లలు పెంచి ఇస్తారని చెప్పేశాడు. సారు మంచివాడు. భూపేష్ ముందు కాదు అనే మాట మాత్రం ఆయనకు రాదు.

పుల్లలు యాడివి? వరమ్మ చెట్టువి. జూన్‌లో ఒక చినుకు పడగానే ఆమె తన చెట్టును మోకాలెత్తు మోడు మిగిల్చి నరికేసింది. రెండు వందల పుల్లలయ్యాయి. తెగిన చోట పాలు కారుతాయి, చేతికి దురద. ఎట్లా కోయాలో, పాలు ఎట్లా కడగాలో, ఇసుక ఎంత, ఎర్రమట్టి ఎంత, మాగిన పేడ ఎంత అన్నదంతా ఆమే పిల్లలకు చూపించింది. ఆ పని టైంటేబుల్లో పెట్టాలి కదా. వరండాలోని టైంటేబుల్ నల్లబోర్డు మీద శనివారం చివరి పీరియడ్ ‘తోట పని’ అని రాశారు. పక్కన టీచరు పేరు రాయాలి. ఎండలో నిలబడే పీరియడ్ ఏ టీచరుకూ వద్దు. ఒకరికి నడుము నొప్పి, ఒకరికి మట్టి పడదు, ఒకరికి బస్సు వెళ్లిపోతుంది. చివరికి సారు సుద్దముక్కతో ‘వరమ్మ’ అని రాశాడు.

తొమ్మిదో తరగతి హర్షిణి ఆ బోర్డు చదివి, పోయి ఆమెను వరమ్మ టీచర్ అని పిలిచింది. ఎగతాళికే పిలిచిందనుకుంటాను. కానీ పిల్లలందరికీ అదే అలవాటైపోయింది. బయట ఆయమ్మ, గ్రీన్‌హౌస్ తలుపు దాటితే టీచర్. వరమ్మకు చదువు రాదు. హర్షిణిని పిలిచి, ఆ బోర్డులో తన పేరు ఏదో చూపించమంది. అక్షరాలు తెలియకపోయినా ఆ పేరు రూపం కంటికి పట్టించుకుంది. పొద్దున వరండా ఊడ్చేటప్పుడు ఆ నల్లబోర్డు తుడుస్తుంది. ఆ ఒక్క వరుస దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకు తప్పిస్తుంది. సుద్ద కదా, తగిలితే పోతుంది. అరవై ఏళ్ల బతుకులో ఆమె పేరు ఒకరు గౌరవంగా రాసి పెట్టిన చోటు అదొక్కటే.

సెప్టెంబరులో భూపేష్ వచ్చి చూశాడు. మొక్కలు పచ్చగా, బలంగా ఉన్నాయి. ఎరుపేదని అడిగాడు. వస్తుందన్నారు. డిసెంబరు ఇరవైకి ఎర్రబడకపోతే ఈ షెడ్డు ఊడదీయించి, కృతజ్ఞత ఉన్న వేరే ఊరి బడిలో పెట్టిస్తానని చెప్పి పోయాడు. షెడ్డు పోతే తోట పని పోతుంది, తోట పని పోతే టైంటేబుల్ బోర్డులో ఆ వరుస పోతుంది. వరమ్మకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

అక్టోబరు వచ్చినా ఎరుపు జాడ లేదు. ఓబుళేశు సారు కర్నూలు నుంచి పూలమందు తెప్పించి కొట్టించాడు. ఆకులు ఇంకా పచ్చబడ్డాయి. భూపేష్ మనుషుల్లో ఒకడు ఎర్ర రంగు స్ప్రే కొడితే సరిపోతుందన్నాడు. సారు ఒక రోజంతా దాన్ని నిజంగానే ఆలోచించాడు. వరమ్మ ఆయన గదికి పోయి, తన ఇంటి ముందర దీపం సంగతి చెప్పి, బోర్డు లైట్లు ఆర్పమంది. సారు లేచి తలుపు వేసి వచ్చాడట.

“మెల్లగా మాట్లాడు వరమ్మా. ఆయన పేరు ఆర్పమంటావా? దసరాకు ఒక రోజు కరెంటు పోతేనే అర్ధగంటలో ఫోను వచ్చింది నాకు.”

“పేరు ఆర్పమనల్యా సార్. దీపం ఆర్పమంటాండా.”

“ఆ రెండూ ఒకటే,” అన్నాడు సారు. చదువుకున్నవాడు కదా, లోకం తెలుసు.

ఆ సాయంత్రం వరమ్మ మా ఇంటికి వచ్చింది. నేను పలకరిస్తుంటే నా వైపు చూడదు, మా గడ్డివామి వైపు చూస్తుంది. వామి మీద కప్పినవి భూపేష్ పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఏడాదికొకసారి పుడతాడు, ఊరంతా కడతారు, తర్వాత మా దొడ్లో పడేస్తారు. ముందు పక్క ఆయన ముఖం, వెనక పక్క తారు పూసినట్టు నలుపు. ఆ నలుపును ఆమె చేత్తో తడిమి చూసింది. ఎత్తి ఎండకు పట్టి చూసింది. వెలుగు ఒక్క చుక్క దూరలేదు.

“అమ్మా, ఇట్లాంటివి ఎన్నుండాయి?”

“పదహారుండాయి. ఏంటికే?”

“చెట్లకు నిద్దర కావాల,” అంది.

ఇచ్చేశాను. మా ఊళ్లో వాన రాదు కాబట్టి గడ్డికి కప్పు లేకపోయినా నష్టం లేదు.

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి పని మొదలైంది. పిల్లలు కట్టెలు పాతి, వాటి మీద ఫ్లెక్సీలు పరిచి గుడారంలా చేశారు. సాయంత్రం ఐదుకు బడి వదిలే గంట కొట్టగానే కప్పాలి, పొద్దున ఎనిమిదికి ప్రార్థన గంట ముందు తీయాలి. గంట కొట్టేది వరమ్మే కాబట్టి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఏ పక్క పైకి వేయాలన్న దగ్గర ఓబుళేశు సారుకు చెమటలు పట్టాయి. ముఖం పైకి వేస్తే కాకులు రెట్ట వేస్తాయి. ఆ రెట్టతో ఎవరైనా ఫోటో తీసి పంపితే ఆయన ఉద్యోగం ఆదోని అవతలికి పోతుంది. అందుకని మర్యాదగా ముఖాలు లోపలికి తిప్పించాడు. ఆ విధంగా రెండు వందల మొక్కలకు రోజూ పదిహేను గంటలు పదహారు మంది భూపేష్‌లు చేతులు జోడించి నిలబడ్డారు. చీకట్లో వాటికి కనబడలేదు గాని, మర్యాద మర్యాదే.

ఆదివారాలు కూడా వరమ్మ తప్పలేదు. చర్చికి పోయేముందు వచ్చి తెరిచేది, సాయంత్రం వచ్చి మూసేది. హర్షిణి ఒకసారి ఆగలేక, కప్పిన తర్వాత ఒక కొస ఎత్తి ఫోను దీపం వేసి చూసింది. వరమ్మ ఆ పిల్లను తిట్టలేదు. “నువ్వు నిద్రపోతాంటే మొగం మీద దీపమేస్తే ఎట్లుంటాది?” అని మాత్రం అడిగింది. మరునాడు ఆ పిల్ల అందరికంటే ముందు వచ్చి అంచుల మీద రాళ్లు పెట్టింది.

నవంబరు నడిమిలో ఒక సాయంత్రం భూపేష్ రెండు కార్లలో వచ్చాడు. తన గ్రీన్‌హౌస్ చూపిద్దామని కర్నూలు నుంచి ఎవరినో పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చాడు. అప్పుడే కప్పి పిల్లలు ఇళ్లకు బయలుదేరుతున్నారు. మా ఇల్లు బడి వెనక వీధిలోనే. కార్ల చప్పుడు విని నేనూ పోయాను. వల లోపల పచ్చదనం ఉండాల్సిన చోట నల్లటి కుప్ప చూసి భూపేష్ ముఖం మారింది.

“ఏం సారూ, పీనుగను కప్పినట్ల కప్పినారు?”

ఓబుళేశు సారు ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. భూపేష్ తెరవమన్నాడు. వరమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి, తాళం చెవి కొంగున ముడివేసుకుంది.

“తెరిచేది పొద్దన ఎనిమిదికప్పా.”

“నా షెడ్డు నేను తెరిపిస్తే వద్దనేదెవరు?”

“షెడ్డు నీదే. చెట్లు పిల్లోల్లవి. ఇప్పుడు నిద్దరపోతాండాయి.”

భూపేష్ మనిషి ఒకడు వల సందులో నుంచి చెయ్యి పెట్టి ఒక కొస పైకెత్తి, గభాలున వదిలేశాడు. అన్నా, ఇవి మీ ఫోటోలే అన్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

“నా మొగం ఏంటికి లోపలికి తిప్పినారు?” అన్నాడు భూపేష్.

“కాకులు రెట్టేస్తాయని సారు భయపడినాడప్పా. లోపలుంటే చెట్లన్నా చూస్తాయి కదా,” అంది వరమ్మ.

ఆమె గొంతులో ఎగతాళి వెతికాను. దొరకలేదు. అది ఉన్నా దొరకనివ్వదు.

నేను కలగజేసుకొని, రేపు పొద్దున ఎనిమిదికి రారాదా నాయనా, లేవగలిగితే, అన్నాను. పెద్దమ్మను ఏమీ అనలేక, ఆ కోపం కూడా వరమ్మకే జమ చేసి చెప్పాడు: వస్తానని, బోల్టులు విప్పే పానాలతో మనుషులను కూడా తెస్తానని, ఎరుపు కనబడకపోతే అక్కడికక్కడే షెడ్డు విప్పిస్తానని. డిసెంబరు ఇరవై దాకా గడువిచ్చిన మాట ఆయనకు గుర్తు లేదు. గుర్తు చేసే ధైర్యం సారుకు లేదు.

మరునాడు భూపేష్ నిజంగానే వచ్చాడు, ఎనిమిదింపావుకు. ఆ గంటలో సూర్యుడు ఉంటాడని ఆయనకు కొత్తగా తెలిసినట్టు కళ్లు చిట్లించుకొని దిగాడు. వెనక వ్యానులో పానాలతో ఇద్దరు. ఆయన వచ్చేదాకా తెరవకుండా ఆగిన పాపానికి, ప్రార్థన గంట కూడా పావుగంట ఆలస్యమైంది. వరమ్మ ఉద్యోగంలో అదే మొదటిసారి. పిల్లలంతా వల చుట్టూ నిలబడ్డారు.

మొదటి ఫ్లెక్సీ తీశారు. పన్నెండు మొక్కలు, పన్నెండూ పచ్చగా ఉన్నాయి. పానా పట్టుకున్నవాడు షెడ్డు పైపు దగ్గరికి నడిచాడు. వరమ్మ అతని వైపు చూడలేదు. రెండోది తీయమని పిల్లలకు చెయ్యి ఊపింది.

రెండోదాని కింద కొస ఆకులకు ఎరుపు పాకింది. గోరింటాకు పెట్టి తొందరపడి ముందే కడిగేసుకుంటే అరచేయి ఉండే రంగు. మూడోదాని కింద ఇంకొంచెం. పదహారు తీసేసరికి, ఆ ఒక్క మూల తప్ప మిగతా అంతటా ఆకుల నడుమ నుంచి ఎరుపు పైకి వస్తోంది. పిల్లలు అరవలేదు. అరిస్తే చెట్లకు పడదని వరమ్మ టీచరు ఎప్పుడో చెప్పిందట, అది అబద్ధమని నాకు తెలుసు.

మరి ఆ మూలవి ఎందుకు పచ్చగా ఉన్నాయని భూపేష్ అడిగాడు. హర్షిణి మొదటి ఫ్లెక్సీ ఎత్తి పట్టుకుంది. మా బర్రె వామి దగ్గర నమిలిన చోట చిరుగు ఉంది, సరిగ్గా ఫోటోలో ఆయన నుదురు దగ్గర, రెండు చేతులు పట్టేంత. ఆ చిరుగులో నుంచి చూస్తే ఎదురుగా బోర్డు లైటు కనబడుతుంది. ఆ పిల్ల నోరు తెరవకముందే ఓబుళేశు సారు ముందుకొచ్చి, చెట్లకు రాత్రి నిద్ర ఎందుకు కావాలో, వెలుగు తగిలితే ఆకు ఎందుకు మారదో, ఇరవై ఏళ్లుగా ఇదే పరిశోధనలో ఉన్నవాడిలా చెప్పాడు. వరమ్మ తల ఊపుతూ విన్నది.

“అయితే నా లైట్ల వల్లే ఎర్రబడల్యా?” అన్నాడు భూపేష్.

“అవునప్పా,” అంది వరమ్మ. “ఆర్పితే కప్పే పనే ఉండదు.”

భూపేష్ శానాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించడం నేను చూడడం అదే మొదలు. బోర్డు చూశాడు, మొక్కలు చూశాడు, రోడ్డు మీద పోయే బస్సు చూశాడు. చివరికి తీర్పు చెప్పాడు. చిరిగినవి పనికిరావు, కొత్త ఫ్లెక్సీలు ఇరవై కొట్టిస్తాడు. దళసరివి, వెనక నల్లవి. ముఖం మాత్రం పైకి ఉండాలి. కాకులు వాలకుండా పైన దారాలు కట్టుకోండి అన్నాడు. పానాలు తెచ్చినవాళ్లు వట్టి చేతులతో పోవడమెందుకని, ఆ దారాలు కట్టడానికి పైపులు బిగించి పోయారు.

అప్పటి నుంచి నాలుగు లైట్లూ బోర్డు మీదా, ఇరవై ముఖాల మీదా పడి, మా ఊరు నంద్యాల రోడ్డుకు మునుపటికంటే బాగా కనబడుతోంది. కింద చీకట్లో మొక్కలు హాయిగా నిద్రపోయాయి. దీపం పెట్టేది ఆయనే, దానికి అడ్డం పడేది ఆయన ముఖమే. ఇంతమందికి ఇన్నిరకాలుగా ఉపయోగపడిన నాయకుడు మా వంశంలో లేడు.

డిసెంబరు ఇరవైకి మొక్కలు రక్తం చిందినట్టు ఎర్రగా తయారయ్యాయి. సెమీ క్రిస్మస్ వేదిక మీద భూపేష్ మైకు పట్టుకొని, ఈ మొక్కలను నేను కన్నబిడ్డల్లా పెంచానన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరమ్మ వెనక వరుసలో కూర్చొని కేకు ముక్క కాగితంలో చుట్టుకుంటోంది. ఆమెకూ ఒక కుండీ ఇచ్చారు. దాని మీద ఫోటో స్టిక్కరును గోటితో మెల్లగా, ఆకు కదలకుండా ఊడదీసి, కుండీని చర్చి బల్ల దగ్గర పెట్టింది.

సంక్రాంతి సెలవుల తర్వాత బడికి ఆ మూల ఈ మూల సున్నం కొట్టించి, టైంటేబుల్ బోర్డును ఆయిల్ పెయింటుతో రాయించారు, అది కూడా భూపేష్ పేరు మీదే. పెయింటరు శనివారం చివరి వరుసలో ‘తోట పని – ఆయా’ అని రాశాడు. మధ్యాహ్నం గంట కొట్టడానికి వరండాలోకి వచ్చిన వరమ్మ ఆ వరుస దగ్గర ఆగింది. చదవలేదు, చూసింది.

“సార్, ఇది నా పేరు కాదు.”

ఓబుళేశు సారు గదిలో నుంచే అంతా ఒకటేలే అన్నాడు. ఆమె గంట కొట్టే సుత్తిని తీసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

“అయితే ఆడ రాసినదాన్నే గంట కొట్టమను సార్. నేను ఈడ్నే నిలబడి చూస్తాండా.”

సారు సుత్తి వైపు చూశాడు. బయట మూడు వందల మంది పిల్లలు కంచాలు పట్టుకొని అన్నం గంట కోసం చూస్తున్నారు. పెయింటరును పిలిచాడు. పాత అక్షరాల మీద నలుపు పూసి, ఆరకముందే పైన ‘వరమ్మ’ అని రాయించాడు. అడుగున మొదటి మాట ఇప్పటికీ కొంచెం ఉబ్బెత్తుగా తెలుస్తుంది. టీచరని మాత్రం రాయించలేదు, అంత దూరం పోలేదు ఆయన. దానికి పిల్లల నోళ్లున్నాయి.

పెయింటు ఆరాక, మూడో రోజు పొద్దున నేను మజ్జిగ ఇవ్వడానికి పోయేసరికి వరమ్మ బోర్డు తుడుస్తోంది. తడి గుడ్డతో, పై వరుస నుంచి కింది వరుస దాకా, ఏదీ తప్పించకుండా. చివరి వరుసను రెండుసార్లు రుద్దింది.